కోరంగి దాటాక ఆగిన బండి

తాళ్ళరేవు,
ఆగస్టు 4.

ఎజ్రా గారికి,

నమస్కారం. మీకు ఫోన్ చేసి చేసి విసిగిపోయి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ పదిహేను రోజుల్లో పదకొండుసార్లు చేశాను. ఒక్కసారి మాత్రం మీ ఆవిడ హెలెన్ ఎత్తి, "ఆయన షెడ్డులో లేరండీ" అని పెట్టేసింది. వెనకాల రేకు మీద సుత్తి దెబ్బలు నాకు వినబడుతూనే ఉన్నాయి. మీ షెడ్డులో మీరు కాక ఇంకెవరు కొడతారు?

పెద్దకర్మకి కూడా రాలేదు మీరు. ఇరవై రెండేళ్ళు మా ఆయన ఏ బండి కొన్నా ముందు మీ చేత్తో బానెట్ ఎత్తించి చూపించాకే కొన్నారు. ఈ పాత బండిని అమ్మేయమని నేనూ మా అమ్మాయి శ్రీదివ్యా ఎన్నిసార్లు పోరినా, "ఎజ్రా ఉన్నంతకాలం దీనికేం ఢోకా లేదు" అనేవారు. అలాంటి మనిషి పోతే మీరు రాలేదేంటని వచ్చినవాళ్ళంతా అడిగారు. నాకే తెలీనిది వాళ్ళకేం చెప్పను?

బండిని మీ దగ్గరికి లాక్కొచ్చినప్పుడు మా మరిది ఏం చెప్పాడో నాకు తెలీదు. జరిగింది నేను రాస్తాను. ఆ శుక్రవారం పొద్దున్న మేమిద్దరం రొయ్యల చెరువు దగ్గరే ఉన్నాం. మేత వేయించి వచ్చి గట్టు మీద మంచంలో కూలబడ్డారు. గుండెల్లో బరువుగా ఉంది, గ్యాసే అయ్యుంటుంది అన్నారు. చొక్కా మొత్తం చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది. అది గ్యాసు కాదని నాకు చూడగానే తెలిసిపోయింది. కాకినాడ వెళ్ళిపోదామని బండి తీస్తే డీజిల్ లైటు వెలుగుతోంది. బంకు దగ్గర ఎంతసేపు ఆగాల్సొస్తుందోనని, చెరువు జనరేటర్ కోసం ఉంచిన డ్రమ్ములో అడుగున ఉన్నదే వంచి, ఇరవై లీటర్లు నేనే పోశాను. చెత్త పోకుండా గరాటుకి గుడ్డ కట్టి మరీ పోశాను. ఐదు నిమిషాలు కలిసొచ్చాయనుకున్నాను.

కోరంగి దాటాక బండి ఒకసారి కుదిపింది, ఇంకోసారి కుదిపింది, ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పానో నాకు గుర్తులేదు. 108కి చేస్తానంటే ఆయన వినలేదు. "ఉండవే, ఎజ్రాకి చేస్తాను. ఏం చెయ్యాలో చెప్పాడంటే రెండు నిమిషాల్లో స్టార్టవుద్ది" అన్నారు. నాలుగుసార్లు చేశారు. మీరు ఎత్తలేదు. చివరికి రొయ్యలకి ఐసు తోలే బండివాళ్ళు చూసి, కేబిన్లో పడుకోబెట్టుకుని తీసుకెళ్ళారు. రోడ్డు మీద నలభై నిమిషాలు పోయాయి. అరగంట ముందొచ్చుంటే అని డాక్టరు అన్నాడు. రెండుంపావుకి ఆయన ఫోన్లోకి మీ మెసేజ్ వచ్చింది. "పనిలో ఉన్నానండి, సాయంత్రం చూస్తాను" అని. అప్పటికి ఆయన మీద తెల్లదుప్పటి కప్పేశారు.

అంతకి తొమ్మిది రోజుల ముందే మీరు సర్వీసింగ్ చేసిచ్చిన బండి అది. ఎందుకు ఆగింది? నాకు అదొక్కటే కావాలి. తప్పు ఎవరిదైనా సరే ఉన్నది ఉన్నట్టు రాయండి. అది తెలియకుండా నాకు ముద్ద దిగడం లేదు.

వీరవేణి


రామచంద్రపురం,
ఆగస్టు 9.

వీరవేణి గారికి, ఎజ్రా వందనాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నా అక్షరాలు బాగోవు, క్షమించండి. దొరబాబు గారు లేరని ఇంకా నా చేతులకి తెలియడం లేదు. సాయంత్రం అయితే ఆయన కుర్చీ దులిపి బయట వేస్తున్నాను.

బండి షెడ్డులో ఉంది. డీజిల్ పంపు తిరగకుండా పట్టేసింది. ఇంకా విప్పలేదు. విప్పడానికి ధైర్యం చాలలేదు. పది రోజులు టైము ఇవ్వండి.

ఫోను నాకు కుదరదండి. ఉత్తరమే రాయండి. నేనూ ఉత్తరమే రాస్తాను.

ఎజ్రా


రామచంద్రపురం,
ఆగస్టు 21.

వీరవేణి గారికి,

పంపు విప్పాను. మీరు ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు.

తప్పు నాదేనండి. సర్వీసింగ్ చేసిన రోజే పంపు బలహీనంగా ఉందని నాకు అనుమానం వచ్చింది. దొరబాబు గారు చెరువులో రొయ్యలు పట్టించే హడావుడిలో ఉన్నారు, వచ్చే నెల చూద్దాంలే అని వదిలేశాను. ఆయనకి చెప్పను కూడా లేదు. పంపు అరిగిపోయి పట్టేసింది. అంతే. బండి నడిపినవాళ్ళ తప్పు లేదు. డీజిల్ తప్పు లేదు. మీరు చెయ్యగలిగింది మీరు చేశారు.

కొత్త పంపు వేశాను. టాంకు కడిగి, పైపులు, ఫిల్టరు అన్నీ మార్చాను. మీ మరిది గారు వస్తే తాళం ఇస్తాను. దీనికి మీరేమీ ఇవ్వక్కర్లేదు.

దయచేసి అన్నం తినండి. మీరు తినకపోతే ఆయన ఊరుకునేవారు కాదు.

ఎజ్రా


తాళ్ళరేవు,
ఆగస్టు 30.

ఎజ్రాకి,

గారు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఏమీ అనుకోకు. అనుకున్నా నాకు ఫరవాలేదు.

వచ్చే నెల చూద్దాంలే అన్నావా? ఎంత తేలిగ్గా రాశావయ్యా ఆ మాట! ఆయన ప్రతి వారం నీ షెడ్డు ముందు కూర్చుని నీతో టీ తాగేవారే. పక్కనే ఉన్న మనిషికి "పంపు బాలేదు, జాగ్రత్త" అని ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదా? పోనీ పంపు సంగతి అలా ఉంచు. నాలుగుసార్లు ఫోన్ మోగితే ఎత్తలేదే! రెండుంపావుకి మెసేజ్ పెట్టడానికి వేళ్ళు ఆడాయి, పదిన్నరకి ఫోన్ ఎత్తడానికి ఆడలేదు.

మా మరిది బండి తెచ్చి సావిట్లో పెట్టాడు. నేను దాని వంక చూడలేదు. నీ షెడ్డు బోర్డు పీకేసి వచ్చానని కూడా చెప్పాడు. తాళ్ళరేవులోనూ యానాంలోనూ ఐసు బండ్లవాళ్ళందరికీ నీ దగ్గరికి వెళ్ళొద్దని చెప్పి వచ్చాడట. నేను వద్దనలేదు. మంచి పని చేశావన్నాను.

ఇంకొకటి. నువ్వు ఏ సామాను మార్చినా పాతది గుడ్డలో చుట్టి చేతికిచ్చేవాడివి. "చూసుకోండి దొరబాబు గారూ, మార్చకుండా మార్చానని చెప్పే రకం కాదు నేను" అనేవాడివట. మా సావిట్లో ఒక మూల నిండా అవే. ఈసారి పాత పంపు ఇవ్వలేదేం? మా మరిది అడిగితే తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయావట. ఆయన్ని చంపిన వస్తువు అది. నాకు కావాలి. పంపించు.

చిత్రం ఏమిటంటే నీ ఉత్తరం చదివిన రోజు రాత్రి నాకు ఆకలేసింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. నిన్ను తిట్టుకుంటూ తిన్నాను.

వీరవేణి


రామచంద్రపురం,
సెప్టెంబరు 26.

వీరవేణి గారికి,

జవాబు ఆలస్యమైంది. మీరు అన్నం తిన్నానని రాసిన చోట నాలుగైదుసార్లు చదువుకున్నాను. నాకదే చాలు.

పాత పంపు ఇనప సామాను వాడికి వేసేశానండి. ఇంక లేదు.

బోర్డు గురించి మీరు బాధపడకండి, మీ మరిది గారిది న్యాయమైన కోపం. నేను మళ్ళీ పెట్టలేదు. పని కూడా తగ్గింది. ఎలాగూ వయసు అయిపోయింది, డిసెంబరుకి షెడ్డు ఖాళీ చేసి ఇచ్చేద్దామనుకుంటున్నాం. హెలెన్ వాళ్ళ తమ్ముడు కూడా ఇంక విశ్రాంతి తీసుకో బావా అంటున్నాడు.

ఇప్పుడు చెరువు మీరే చూసుకుంటున్నారని విన్నాను. ఒక్క మాట చెప్పొచ్చో లేదో. మీ కాపలావాళ్ళకి చెప్పండి, డ్రమ్ములో డీజిల్ అడుగు దాకా తీయొద్దని. అడుగున నాలుగు వేళ్ళు వదిలేసి వాడమనండి. డ్రమ్ముకి మూత గట్టిగా ఉండాలి. జనరేటర్ ఆగితే ఏరియేటర్లు ఆగిపోతాయి, గాలి అందక గంటలో చెరువంతా రొయ్యలు తేలిపోతాయి. మీకు ఇంకో నష్టం రాకూడదు.

ఎజ్రా


తాళ్ళరేవు,
అక్టోబరు 20.

ఎజ్రా గారికి,

మీ ఉత్తరంలో చివరి ముక్క చదివి మొదట ఒళ్ళు మండింది. మా కొంప ముంచినవాడు మాకు డ్రమ్ములు ఎలా వాడాలో నేర్పుతున్నాడా అనుకున్నాను. పెట్టెలో పడేశాను. పది రోజులు పోయాక చెరువు మీద కాపలా ఉండే లక్ష్మీదుర్గతో మాటల్లో అన్నాను, అడుగు డీజిల్ తీయొద్దట, మన ఎజ్రా చెప్పాడు అని.

"మేం ఎప్పుడూ తీయమండి. అడుగున నీళ్ళుంటాయి కదండి. అయ్యగారు ఎప్పుడో చెప్పారు, ఆఖరుది నేల మీద పారబోసెయ్యమని. ఆ డ్రమ్ము మూత అయితే మరీనండి, జూన్ వానలకే ఊడిపోయింది. అయ్యగారు కొత్తది తెస్తానన్నారు. ఇంతలోకే..." అంది. నా ముఖం చూసి, "మీకు తెలీదా అమ్మగారూ?" అంది.

నాకు తెలీదు ఎజ్రా గారూ. పదిహేనేళ్ళు ఆ గట్టు మీద తిరిగాను. మేత లెక్క తెలుసు, నీళ్ళ ఉప్పు తెలుసు, బండి నడపడం తెలుసు. డ్రమ్ము అడుగున నీళ్ళుంటాయని ఎవరూ నాకు చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఆ డ్రమ్ము అక్కడే ఉంది. వంచి, అడుగుది సీసాలోకి పట్టాను. గట్టు మీద ఎండలో పెట్టి కూర్చున్నాను. కాసేపటికి విడిపోయింది. పైన ఒక వేలు మందాన డీజిల్. కింద సీసా నిండా మురికి నీళ్ళు. ఆ రోజు ఇదే నేను బండిలో పోసింది. గుడ్డ కట్టి వడపోసి మరీ పోశాను.

పంపు అరిగిపోలేదు కదా? నేను పోసిన నీళ్ళకి పట్టేసింది. మీరు విప్పిన క్షణంలోనే చూసుంటారు. అందుకే పాత పంపు ఇవ్వలేదు. ఏ మెకానిక్కి చూపించినా చెప్పేస్తాడని. నా మొదటి ఉత్తరంలోనే డ్రమ్ము సంగతి నేనే రాశాను, మీకు చదవగానే తెలిసిపోయుంటుంది. పది రోజులు టైము ఎందుకు అడిగారో ఇప్పుడు అర్థమైంది.

ఎందుకు చేశారు ఇలా? ఉన్నది ఉన్నట్టు రాయమని నేను అడిగానా లేదా? మీ షెడ్డు పోతోంది. మీ పేరు పోయింది. రెండు నెలలు మిమ్మల్ని నానా మాటలు అన్నాను, అనిపించాను. అవన్నీ మీరు నోరెత్తకుండా పడ్డారు. నా మీద జాలా? ఆ జాలి నాకెందుకు? మా ఆయన్ని నా చేత్తో చంపుకున్నానని తెలుసుకునే హక్కు కూడా నాకు లేదా?

ఇవ్వాళ మళ్ళీ ముద్ద దిగడం లేదు. కోపం వస్తే తినగలిగాను. ఇప్పుడు ఎవరి మీద కోప్పడను?

వీరవేణి


రామచంద్రపురం,
నవంబరు 2.

వీరవేణి గారికి,

చెరువు సంగతి రాయకుండా ఉండాల్సింది. చాలా సేపు ఆలోచించే రాశాను. రాయకపోతే మీకు ఇంకో నష్టం వస్తుందేమోనని భయం వేసింది. మీకు ఇలా తెలుస్తుందనుకోలేదు.

పంపు నా పెట్టెలోనే ఉంది. మీరు అనుకున్నదే నిజం. లోపలంతా తుప్పు. కానీ మీ మీద జాలితో అబద్ధం ఆడాననుకుంటున్నారు కదా. అది సగమే నిజం. మిగతా సగం హెలెన్‌కి తప్ప ఎవరికీ తెలీదు. దొరబాబు గారికి కూడా తెలీదు.

నాకు చెవులు వినబడవండి. కుడి చెవి పోయి ఎనిమిదేళ్ళయింది. ఎడమది నిరుడు పూర్తిగా పోయింది. ముప్పై ఐదేళ్ళు రేకులూ ఇంజన్లూ చేసిన పని. శబ్దం విని జబ్బు చెప్పేవాడినని నాకు పేరు. చెవిటివాడి చేతికి ఇంజన్ ఎవరిస్తారండి? అందుకని దాచాను. బానెట్ మీద అరచెయ్యి పెడితే కదలిక తెలుస్తుంది. ఎదుటివాళ్ళ పెదాలు చూస్తే మాట తెలుస్తుంది. దొరబాబు గారు నాతో ఎప్పుడూ ఎదురుగానే కూర్చునేవారు, మెల్లగా మాట్లాడేవారు. ఫోన్ హెలెనే ఎత్తేది, నాకు నోటితో చెప్పేది. మీరు సుత్తి చప్పుడు విన్న రోజు పాపం అది అబద్ధం ఆడింది నా కోసమే.

ఆ శుక్రవారం హెలెన్ ఉపవాస ప్రార్థనకి వెళ్ళింది. నేను వ్యాను కింద పడుకుని ఉన్నాను. ఫోను బల్ల మీద ఉంది. నా తలకి రెండు మూరల దూరంలో నాలుగుసార్లు మోగి ఉంటుంది. మధ్యాహ్నం లేచి చూసి, టీకి వస్తానని చెప్పడానికి చేసుంటారనుకుని ఆ మెసేజ్ పెట్టాను. ఆ మెసేజ్ తలుచుకుంటే ఇప్పటికీ నా వేళ్ళు కోసేసుకోవాలనిపిస్తుంది.

నాకు వినబడి ఎత్తుంటే ఏం చెప్పేవాడినో కూడా రాస్తాను. తాళం తిప్పడం ఆపెయ్యండి, ఫిల్టరు కింద చిన్న మర ఉంటుంది, వదులు చేసి నీళ్ళు వదిలెయ్యండి, పైన గుండీ చేత్తో పదిసార్లు నొక్కి, డీజిల్ ఎక్కించి అప్పుడు స్టార్ట్ చెయ్యండి అనేవాడిని. మీకు పనిముట్టు కూడా అక్కర్లేదు. నీళ్ళతో అలా తిప్పి తిప్పి ఉండకపోతే పంపు పట్టేసేది కాదు. కాకినాడ దాకా వెళ్ళేదని ప్రమాణం చెయ్యలేను, ఇంకో పది కిలోమీటర్లు మాత్రం వెళ్ళేది. ఆ పది చాలునేమో.

నీళ్ళు పోసింది మీరు, తెలీక. ఫోన్ ఎత్తనిది నేను. వినబడదని ఒక్కసారి ఆయనకి చెప్పుంటే, ఆ రోజు నాకు ఫోన్ చేసేవారు కాదు. మీరు 108కి చేసేవారు. పరువు కోసం దాచుకున్నాను. అందుకని తప్పు నాది అని రాసినప్పుడు నా మనసుకి అది అబద్ధం అనిపించలేదండి. కారణం ఒక్కటే మార్చాను. పెద్దకర్మకి రాకపోవడం కూడా అందుకే. ఆయన ఫోటో ముందు నిలబడే ముఖం నాకు లేదు.

ఇప్పుడు మీకు కోప్పడడానికి మనిషి దొరికాడు. నన్నే తిట్టండి. అన్నం మాత్రం తినండి.

ఎజ్రా


తాళ్ళరేవు,
నవంబరు 22.

ఎజ్రా గారికి,

మీ ఉత్తరం చదివి మొదటి రోజు మీ మీద మళ్ళీ కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. రెండోరోజు ఏడ్చాను. ఆయన కోసం కాదు, రెండు మూరల దూరంలో మోగిన ఆ ఫోన్ తలుచుకుని.

నాలుగో మాసికం రోజు భోజనాలు అయ్యాక అందరూ వసారాలో ఉండగా చెప్పేశాను. ఆ డీజిల్ పోసింది నేను, అందులో నీళ్ళున్నాయి, బండి దానివల్లే ఆగింది, ఎజ్రా గారు నన్ను కాపాడటానికి తప్పు తన మీద వేసుకున్నారు అని. మీ చెవుల సంగతి చెప్పలేదు, అది మీరు చెప్పుకోవాల్సింది. మా మరిది "బోర్డు నేను పెట్టించి వస్తాను వదినా" అన్నాడు. ఐసు బండ్లవాళ్ళకి కూడా తనే చెబుతానన్నాడు.

శ్రీదివ్య లేచి బ్యాగు తీసుకుని కాకినాడ వెళ్ళిపోయింది. ఎనిమిది రోజులైంది. నేను చేస్తే ఎత్తడం లేదు. దాన్ని నేను తప్పుపట్టను. మీ మీద కోపంతో నేను అన్నం తిన్నట్టే, నా మీద కోపంతో అదీ తింటుందేమో. తిననీ. ఎన్నాళ్ళైనా తిట్టుకోనీ. చెప్పకుండా ఉండుంటే నా కూతురు నాకు మిగిలేది, నాకు తెలుసు. అయినా చెప్పాను. మీ పేరు పోగొట్టి బతకడం నా వల్ల కాలేదు.

మొదటి ఉత్తరంలో మీకు రాయని సంగతి ఒకటుంది. అప్పుడు కోపంతో రాయలేదు. ఆ నలభై నిమిషాలూ ఆయన భయపడలేదు. నేను రోడ్డు మీద అటూ ఇటూ పరిగెడుతుంటే, ఆయన సీటు వెనక్కి వాల్చుకుని, "ఎత్తుతాడులేవే, బండి కింద ఉండుంటాడు" అన్నారు. నాలుగోసారి కూడా అదే మాట. నొప్పికి పెదవి కొరుక్కుంటూనే, కంగారుపడొద్దని నాకే చెప్పారు. నేను 108కి చెయ్యకుండా ఆగింది ఆయన మాటకి ఎదురు చెప్పలేక కాదు. మీరు ఎత్తుతారని నేనూ నమ్మాను. ఆ నమ్మకం వల్లే ఆలస్యమైంది. ఆ నమ్మకం వల్లే ఆయన ధైర్యంగా ఉన్నారు. ఈ రెంటినీ కలిపి ఏం చేసుకోవాలో నాకు తెలీడం లేదు. మీకు తెలిస్తే చెప్పండి.

క్షమించమని మీరు అడగలేదు, నేనూ అడగను. అడిగితే ఇవ్వాల్సిన మనిషి లేడు.

షెడ్డు ఖాళీ చెయ్యొద్దు. వినబడదని నలుగురికీ చెప్పి పని చెయ్యండి. వచ్చేవాళ్ళు వస్తారు, రానివాళ్ళు పోతారు. ఫోను ఎత్తలేనని గోడ మీద రాసిపెట్టండి, ఇంకెవరూ రోడ్డు మీద మీ కోసం ఎదురుచూడకుండా.

మంగళవారం బండి తీసుకుని వస్తున్నాను. నేనే నడుపుతాను. జూలై తర్వాత తాళం ముట్టుకోలేదు. అయినా వస్తాను. మీ షెడ్డు ముందు ఆపి హారన్ కొట్టను. లోపలికి వచ్చి, మీరు ఏ బండి కింద ఉంటే ఆ బండి పక్కన కూర్చుని, మీ భుజం తడతాను. మీరు బయటికి వచ్చి నా ముఖం చూసేదాకా అక్కడే ఉంటాను.

వీరవేణి